నాలుక కింద మాత్ర కరిగేదాకా

మా గదిలో మాత్ర ఇచ్చేది నేను. అది కరిగేదాకా ఎదురుగా కూర్చునేది పిన్ని, మేమంతా అలా పిలిచే ఆయా.

కాన్పుల ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల వెనక, ఒకప్పుడు దుప్పట్లు దాచుకున్న గది అది. మత్తుకు అలవాటుపడిన గర్భిణులకీ, బాలింతలకీ ఆ ఒక్క గదిలోనే రెండు వైద్యాలూ జరుగుతాయి. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే బల్ల ఒక గోడ వైపు, మాత్రల బీరువా ఇంకో గోడ వైపు. ఆ గది రాకముందు సంగతి చెప్తే ఇప్పుడు చేరిన నర్సులు నమ్మరు. మత్తు మాన్పించే కేంద్రం ఊరికి ఆ చివర, మేం ఈ చివర. అక్కడికి వెళ్తే, కడుపుతో ఉన్నవాళ్ళని మేం ముట్టుకోం, కాన్పయ్యాక రండి అనేవాళ్ళు. ఇక్కడికి వస్తే, ముందు ఆ పాడు అలవాటు వదిలించుకుని రండి అనేవాళ్ళం. ఆ మాట నా నోటితో నేనూ అన్నాను. రెండు బస్సులు మారాల్సిన ఆ దారిలో ఎంతమంది ఆడపిల్లలు మాయమైపోయారో రెండు చోట్లా ఎవరికీ తెలీదు.

మాత్ర సంగతి కొంచెం చెప్పాలి. అది మింగేది కాదు, నాలుక కింద పెట్టుకునేది. చేదుగా ఉంటుంది. కరగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ మాట్లాడకూడదు, నీళ్ళు తాగకూడదు. కొందరు దాన్ని దవడకి నొక్కిపెట్టి బయటికెళ్ళి ఉమ్మేస్తారని, కరిగేదాకా ఎదురుగా ఒక మనిషి ఉండాలని నియమం. అంటే అది కాపలా ఉద్యోగం. పిన్నికి ముందు ఆ పని చేసినామె గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేది. పది నిమిషాలవగానే "నోరు తెరు" అనేది. వచ్చినవాళ్ళు నేల చూపులు చూస్తూ నోరు తెరిచేవాళ్ళు.

పిన్ని అలా కాదు, మాట్లాడేది. "అవతలి మనిషిని మాట్లాడొద్దన్నారు. ఇద్దరం మూగమొహాలేసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది సిస్టరమ్మా," అనేది నాతో. లిఫ్టులో గంటన్నర ఇరుక్కుపోయి లోపల్నుంచే ఆపరేషన్‌కి సలహాలిచ్చిన సర్జను గురించి చెప్పేది. కవలలిద్దరికీ ఒకే పేరు పెడతానని పట్టుబట్టిన తల్లి గురించి చెప్పేది. పోయిన తన మొగుడి గురించి చెప్పేది. ఆయన ఊరందరి కుట్టుమిషన్లూ బాగుచేసేవాడట, ఇంట్లో మిషన్ మాత్రం పెళ్ళైనప్పట్నుంచీ మూలుగుతూనే ఉండేదట. పది నిమిషాలు కాగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆపేసి, "మిగతాది రేపు" అనేది. మిగతాది వినడానికే వచ్చానని నాతో చెప్పినవాళ్ళున్నారు.

గదికి రోజూ వచ్చే డాక్టరుకి ఆయాలంతా మత్తు డాక్టరని పేరు పెట్టారు. "మాన్పించే డాక్టరనండమ్మా, వినేవాళ్ళు నేనేదో ఎక్కిస్తున్నాననుకుంటారు" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. సగం వైద్యం మాత్రది, సగం పిన్ని కబుర్లది అని ఆయనే అనేవాడు.

పిన్నికి కొన్ని అలవాట్లుండేవి. అందరికీ టీ తెచ్చేది, తను తాగేది కాదు. ఎందుకని అడిగితే పడదనేది. తలుపు మూసి ఉంటే ఉండలేకపోయేది. మా గది తలుపు కింద అట్టముక్క మడిచి పెట్టేది. పరీక్ష చేసేటప్పుడు తలుపు వెయ్యాలి కదా పిన్నీ అని నేను గొడవపడితే, మర్నాడు ఇంటి నుంచి మందపాటి గుడ్డ తెచ్చి తెర కుట్టి వేలాడదీసింది. అప్పట్నుంచీ ఆడపిల్లలు ఆమెని తలుపుల పిన్ని అనేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఒకసారి పై అంతస్తులో వడ్రంగులు కిటికీలు బిగిస్తూ వారం రోజులు సుత్తి దెబ్బలతో మా తలలు పగలగొట్టారు. ఎవరికైనా ఆ చప్పుడు విసుగు. పిన్నికి చప్పుడుతో ఏ ఇబ్బందీ లేదు. అది ఆగినప్పుడల్లా లేచి నిలబడేది. మెట్ల దగ్గరిదాకా వెళ్ళి పైకి చూస్తూ ఉండిపోయేది. మళ్ళీ దెబ్బ పడగానే వచ్చి కూర్చునేది. మూడో రోజుకి సెలవు పెట్టింది. పెద్దవయసు, తలనొప్పేమో అనుకున్నాను.

ఆమె మా గదికి ఎలా వచ్చిందో కూడా అప్పుడు నేను సరిగా అర్థం చేసుకోలేదు. గది కొత్తగా తెరిచినప్పుడు మత్తు డాక్టరు ఆసుపత్రిలో అందరినీ కూర్చోబెట్టి ఒక పూట చెప్పాడు. పిన్ని అప్పుడు పై అంతస్తులో ఆయా. టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కడుపుతో ఉన్న మనిషికి మత్తు ఒక్కసారిగా ఆపేయకూడదు, బంధించి మాన్పించడం అసలే కూడదు, గర్భసంచి బిగుసుకుంటుంది, నెలలు నిండకుండా నొప్పులొస్తాయి, లోపలి బిడ్డ అల్లాడిపోతుంది అని ఆయన చెప్తున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కొన్నాళ్ళు మానేసిన మనిషి మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది, ఎందుకంటే ఒళ్ళు ఆ మోతాదు మర్చిపోయి ఉంటుంది అని.

పిన్ని పళ్ళెం బల్ల మీద పెట్టి, "ఎన్నాళ్ళు మానేస్తే సార్?" అని అడిగింది.

కొద్ది రోజులు చాలు అన్నాడాయన. ఆయాలు కూడా శ్రద్ధగా వింటున్నారని ఆయనకి సంతోషం కలిగింది. పిన్ని అందరికీ కప్పులందించి, తాగాక ఖాళీ కప్పులు పోగుచేసుకుని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా మా గదికి మార్చమని అర్జీ పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులకి మెట్లెక్కలేక కింది అంతస్తు కోరుకుందని అందరం అనుకున్నాం. పిల్లలున్నారా పిన్నీ అని మొదట్లో అడిగితే "లేరమ్మా" అంది. మళ్ళీ అడగలేదు.

ఆమె వచ్చిన నాలుగో ఏడు మా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. బల్బుల కార్ఖానాలో పెట్టెలు కట్టే పని. అయిదో నెల. ఒక్క క్షణం కుదురుగా కూర్చునేది కాదు. కుర్చీలో ఒకవైపు నుంచి ఇంకోవైపు తిరుగుతూనే ఉండేది. పిన్ని ఆమెకి బొంగరం అని పేరు పెట్టింది. ఆ పేరుకి ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. ఆమె మొగుడు ఇళ్ళకి రంగులు వేసేవాడు. రోజూ పనికి పోయే ముందు తనే తీసుకొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని నిలబడేవాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు. తాగడు, అరవడు. ఆమె పొడి పీల్చుకుంటోందని తెలిసిన రోజు కూడా కొట్టలేదట, వంటింట్లో కూర్చుని ఏడ్చాడట. మాత్ర మొదలెట్టిన నెలన్నరకి బొంగరం ఒళ్ళు పట్టింది, నిద్రపోయింది. లోపలి బిడ్డ కూడా లెక్క ప్రకారం పెరుగుతోంది.

ఏడో నెలలో ఒక పొద్దున అతను వరండాలో ఆగకుండా లోపలికి వచ్చాడు. చేతిలో ఆమె ఆసుపత్రి కాగితాలన్నీ ఉన్నాయి. నేను అప్పుడే ఆమెకి మాత్ర ఇచ్చాను. పిన్ని ఎదురుగా కూర్చుని కవలల తల్లి కథ మొదలెట్టింది.

అతను గొడవకి రాలేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. పనిలో మేస్త్రీ చెప్పాడట, ఈ మాత్ర కూడా ఆ జాతి మందేనని. నిజమేనా సిస్టర్ అని అడిగాడు. నిజమే అన్నాను. ఆ జాతిదే గానీ ఎక్కించదు, దించదు, ఒంటిని ఒక మట్టాన నిలబెడుతుంది, బిడ్డకి కావలసింది అదేనని చెప్పాను. అతను తలూపాడు గానీ మాట చెవికెక్కలేదు.

"ఇవాళ్టిది వేసుకోనివ్వండి సిస్టర్. రేపట్నుంచి రాము," అన్నాడు. "నేను పదిహేను రోజులు సెలవు పెట్టాను. ఇంట్లోనే తలుపేసి పక్కన కూర్చుంటాను. నా బిడ్డ ఒంట్లో ఆ మందుతో పుట్టకూడదు. తనూ ఒప్పుకుంది."

నేను బొంగరం వైపు చూశాను. నోరు మూసుకుని, కళ్ళు దించుకుని, ఒప్పుకున్నట్టే తలూపింది. ఆరోజు మత్తు డాక్టరు ఊళ్ళో లేడు. పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. నాకు తెలిసిన మాటలన్నీ అయిపోయాయి.

పిన్ని కథ ఆపేసింది. గడియారం ప్రకారం ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

"బాబూ, ఇలా వచ్చి కూర్చో," అంది. అతను కూర్చున్నాడు. "నాకో కూతురుండేది."

నాలుగేళ్ళుగా రోజూ ఆమె పక్కనే ఉన్నాను. ఆ మాట మొదటిసారి విన్నాను.

కూతురు చెప్పుల కార్ఖానాలో మిషన్ మీద పనిచేసేది. ఇరవై ఏళ్ళకే నడుం పట్టేస్తే నొప్పి మాత్రలు మొదలెట్టింది. మాత్రలు చాలక పొడి. తర్వాత కడుపు. ఎవరి వల్లని అడిగితే, వాణ్ణి వదిలెయ్యమ్మా, వాడితో మనకి పని లేదు అంది. బిడ్డ మాత్రం కావాలంది. ఆరో నెల దాటింది.

"పది రోజులు గదిలో ఉంచితే ఒంట్లోంచి దిగిపోతుందనుకున్నాను," అంది పిన్ని. "నేనూ నీలాగే సెలవు పెట్టాను. లోపల పరుపేశాను, నీళ్ళు పెట్టాను. తాళం వెయ్యమన్నది అదే. నేనెంత అడిగినా తియ్యకమ్మా, నాకు మాటియ్యి అంది. నవ్వుతూనే అంది. మాటిచ్చాను."

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు లోపల్నుంచి తలుపు కొట్టడం మొదలెట్టింది. ముందు అరచేత్తో, తర్వాత పిడికిలితో. పిన్ని ఇవతల తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ప్రతి దెబ్బా వెన్నులో తెలిసేది. తలుపు తియ్యలేక, ఊరుకోలేక, లోపలికి వినబడేలా కబుర్లు చెప్పడం మొదలెట్టింది. చిన్నప్పుడు కూతురికి చెప్పినవీ, పక్కింటివాళ్ళవీ, నోటికొచ్చినవీ. చెప్తుంటే దెబ్బలు కొంచెం నెమ్మదించేవి. ఆపితే మళ్ళీ గట్టిగా పడేవి. భర్త పనికెళ్ళి వచ్చేసరికి ఆమె గొంతు పోయి ఉండేది. ఆయన కాసేపు కూర్చునేవాడు, కానీ ఆయనకి కబుర్లు రావు.

మూడో రోజు మధ్యాహ్నం కూతురు తలుపు సందులో నోరు పెట్టి మాట్లాడింది.

"'అమ్మా, కడుపులో నొప్పిగా ఉంది. ఇది ఆ నొప్పి కాదమ్మా, వేరే' అంది," అని చెప్పింది పిన్ని. "మందు కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతారని విని ఉన్నాను. అది అంతకుముందు నాతో చాలా ఆడింది. ఇది కూడా అదే అనుకున్నాను. మాటిచ్చాను కదా, నిలబెట్టుకోవాలనుకున్నాను."

బొంగరం కళ్ళెత్తి పిన్ని వైపు చూస్తోంది. ఆ పిల్ల అంత కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి తలుపు కొట్టడం ఆగిపోయింది. పిన్ని ఇంకా కాసేపు కథ చెప్పి, బదులు లేకపోయేసరికి తనూ ఆపేసింది. నిద్ర పట్టిందనుకుంది. గండం గట్టెక్కిందనుకుంది.

"లేచి టీ పెట్టుకున్నాను బాబూ. నాలుగు రోజుల తర్వాత హాయిగా కూర్చుని టీ తాగాను. చప్పుడు చేస్తే లేస్తుందేమోనని కప్పు కూడా నెమ్మదిగా పెట్టాను."

సాయంత్రం ఆయన వచ్చాక తాళం తీశారు. బిడ్డ అప్పటికే బయటికొచ్చింది. ఊపిరి లేదు. ఆడపిల్ల.

కూతురు బతికింది. ఆసుపత్రిలో వారం ఉంచారు. అక్కడ ఎవరూ ఆమెని మత్తు గురించి ఒక్క మాట అడగలేదు, మందివ్వలేదు, మళ్ళీ రమ్మనలేదు. ఇంటికొచ్చింది. తల్లిని ఒక్క మాట అనలేదు. పన్నెండో రోజున కొట్టుదాకా వెళ్ళొస్తానంది. మత్తు మానేసి మూడు వారాలు దాటింది కదా అని పిన్ని పంపించింది. స్నేహితురాలి ఇంటి మెట్ల మీద దొరికింది. ఎప్పుడూ తీసుకునేంతే తీసుకుందని ఆ స్నేహితురాలు ఒట్టేసి చెప్పిందట.

"అది ఎందుకు పోయిందో నాకు పద్నాలుగేళ్ళు తెలీదు," అంది పిన్ని. "పైన హాల్లో టీ ఇస్తుంటే డాక్టరుగారు చెప్పారు. అప్పుడు తెలిసింది."

అతను చేతిలో కాగితాలు చుట్టలా చుట్టి పట్టుకున్నాడు.

"నీది చెడ్డ మనసని అనడం లేదు," అంది ఆమె. "నాదీ కాదు."

అతను కాగితాల మీంచి తలెత్తాడు. "తాళం తీసినప్పుడు ఆవిడ ఏమంది పిన్నీ?"

పిన్ని తన చేతుల వైపు చూసుకుంది.

"'చెప్తూ చెప్తూ మధ్యలో ఎందుకాపేశావు, నేను వింటూనే ఉన్నాను కదా' అంది."

పది నిమిషాలు దాటి చాలాసేపైంది. ఎవరూ అడక్కుండానే బొంగరం నోరు తెరిచి నాకు చూపించింది. మాత్ర కరిగిపోయింది. అప్పుడు మొగుడి వైపు తిరిగి, "నేను రేపు కూడా వస్తాను. నువ్వు రాకపోయినా వస్తాను," అంది. అతను కాగితాలు నా బల్ల మీద పెట్టి, వాటిని అరచేత్తో సాపు చేసి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇద్దరూ వచ్చారు. పిన్ని రాలేదు.

మూడు రోజుల తర్వాత వచ్చింది. కూర్చుంది గానీ నోరు విప్పలేదు. ఆడపిల్లలు మాత్ర పెట్టుకుని ఆమె మొహం వైపు చూసేవాళ్ళు, ఆమె కిటికీ వైపు చూసేది. అలా నెల పైనే గడిచింది. ఆ నెలలో నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంట్లో ఎవరైనా స్నానాల గది తలుపేసుకుని ఎంతకీ చప్పుడు చేయకపోతే నేను కూడా లేచి వెళ్ళి నిలబడేదాన్ని. రెండు బస్సుల దారి పట్టించిన మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. వాళ్ళు ఎటు వెళ్ళారో, ఎవరు ఏ గదిలో పెట్టి తాళం వేశారో. ఒకామె నీలం సంచి పట్టుకుని వచ్చింది, ముందు మానుకుని రామ్మా అంటే, సరే సిస్టర్ అని నాకు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళింది. ఆమె పేరు నేను రాసుకోలేదు.

ఒక పొద్దున, కొత్తగా వచ్చిన ఒకామె మాత్ర చేదుకి మొహం వికారంగా పెడితే, పిన్ని అనుకోకుండా, "లిఫ్టులో ఇరుక్కున్న సర్జను మొహం ఇలాగే ఉండేది" అనేసింది. అలా మళ్ళీ మొదలైంది. కానీ అప్పట్నుంచీ కథ మధ్యలో ఆపడం మానేసింది. పది నిమిషాలు దాటినా పూర్తిచేసి గానీ లేచేది కాదు. వరండాలో క్యూ పెరిగిపోయేది.

బొంగరానికి నెలలు నిండాకే కాన్పయింది. ఆడపిల్ల, రెండు కిలోల ఆరువందలు. మేం ముందే చెప్పినట్టు రెండో రోజు బిడ్డకి వణుకు మొదలైంది. చేతులూ కాళ్ళూ బిగదీసుకుని, గాజు మీద గీసినట్టు సన్నగా ఏడ్చేది. పాలు సరిగా పట్టేది కాదు. ఒకప్పుడైతే అలాంటి బిడ్డని తల్లి నుంచి వేరుచేసి పై అంతస్తుకి పంపేవాళ్ళం. ఇప్పుడు తల్లినీ బిడ్డనీ ఒకే గదిలో ఉంచి, దీపాలు తగ్గించి, మాటలు తగ్గించి, బిడ్డని ఒంటికి ఒళ్ళు ఆనేలా గుండెల మీద పడుకోబెట్టమంటాం. తల్లి మాత్ర వేసుకుంటూనే పాలిచ్చింది. ఆమె అలిసిపోయినప్పుడు రంగులాయన చొక్కా విప్పి బిడ్డని ఎద మీద పెట్టుకునేవాడు. ఎంత కడిగినా పోని గోళ్ళ రంగు బిడ్డకి తగలకుండా వేళ్ళు ఎత్తిపట్టుకునేవాడు. తొమ్మిది రోజులకి వణుకు తగ్గింది. మందు అవసరం పడలేదు.

ఆ తొమ్మిది రోజులూ పిన్ని ఆ గది గుమ్మందాకా వచ్చి నిలబడేది. లోపలికి రమ్మంటే రాలేదు. బిడ్డని ఎత్తుకో పిన్నీ అని బొంగరం అడిగితే, "నా చేతులొద్దులే తల్లీ" అంది. ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఆ బిడ్డ నడక నేర్చాక వచ్చి ఆమె మోకాళ్ళు పట్టుకున్నా, చేతులు వెనక్కి పెట్టుకునే మాట్లాడేది.

మా దగ్గర ఎక్కువమంది మళ్ళీ మత్తులోకి జారిపోయేది కడుపుతో ఉన్నప్పుడు కాదు, కాన్పయ్యాక. నిద్ర ఉండదు, ఒళ్ళు పచ్చిగా ఉంటుంది, చూడ్డానికొచ్చినవాళ్ళంతా బిడ్డనే చూస్తారు. అందుకే కనీసం బిడ్డకి ఏడాది నిండేదాకా తల్లి మా గదికే వస్తుంది, బిడ్డ టీకాలు కూడా అక్కడే. అయినా నాలుగో నెలలో బొంగరం జారింది. అయిదు రోజులు కనబడలేదు. ఆరో రోజు బిడ్డనెత్తుకుని వచ్చి వరండాలో మూలగా నిలబడింది. బిడ్డని తీసేసుకుంటామని భయపడిందట. పిన్ని వెళ్ళి, "అయిదు రోజుల కబుర్లు మిగిలిపోయాయి, లోపలికి రా" అంది. మత్తు డాక్టరు మందు మోతాదు సరిచూసి, మళ్ళీ మొదట్నుంచీ రోజూ రమ్మన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి కూడా జారింది. రెండుసార్లూ తనే తిరిగొచ్చింది. ఇప్పుడు వారానికొకసారి వచ్చి వారం మాత్రలూ పట్టుకెళ్తోంది. పిల్లకి నాలుగేళ్ళు దాటాయి, మా గదిలో బరువు తూచే యంత్రం దాని చేతుల్లోనే పాడైంది.

పిన్ని అరవై నిండాక ఉద్యోగం మానేసింది. రెండేళ్ళకి ఒక చలికాలం ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయింది. చివరిచూపుకి నేనూ బొంగరమూ వెళ్ళాం. అదే ఇల్లు. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. లోపలి గదికి తలుపు లేదు. బందులు మాత్రం గోడకి అలాగే ఉన్నాయి. గది ఖాళీగా, శుభ్రంగా ఊడ్చి ఉంది. మంచం ముందు గదిలో, ఆ గుమ్మానికి ఎదురుగా వేసి ఉంది. బొంగరం ఆ గుమ్మం దాటలేదు. నేనూ దాటలేదు.

నెల తర్వాత మా గదికి ఒక ముసలామె వచ్చింది. ఎనభై దగ్గర పడుతుంది. మొహంలో పిన్ని పోలికలున్నాయి. చివరిచూపు రోజు గోడవారగా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నది ఆమే. పిన్నికి అక్కగారు, పక్కిల్లే. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా చెల్లెలు మీకు ఆ పిల్ల సంగతి ఎప్పుడైనా చెప్పిందా అమ్మా?"

ఒక్కసారి చెప్పిందన్నాను.

"నన్ను గురించి ఏమంది?"

ఏమీ అనలేదన్నాను. నిజం కాబట్టి చెప్పడం తేలిక అనిపించింది.

"బంధించమని ఎవరు చెప్పారంది?"

"ఎవరూ చెప్పారనలేదు. తనే అలా అనుకున్నానంది."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. తన మొగుడు తాగుబోతని, వయసులో ఉండగా అతన్ని వారం రోజులు గదిలో పెట్టి తాళం వేసి మాన్పించానని చెప్పింది. అది పనిచేసిందట. అందుకే చెల్లెలికీ అదే చెప్పింది. చెల్లెలికి మనసొప్పలేదు, రెండు రోజులు వెనకాడింది. తనే పోరు పెట్టి, తన ఇంట్లో ఉన్న తాళం తెచ్చి చేతికిచ్చింది.

"ఇరవై రెండేళ్ళు రోజూ సాయంత్రం నా ఇంటికొచ్చి కూర్చుంది," అంది. "అన్నీ మాట్లాడేది. ఇవాళ తిడుతుంది, ఇవాళ తిడుతుంది అని రోజూ ఎదురుచూశాను. అనలేదు. బయట ఎవరితోనైనా అనుంటుంది, ఆ మాత్రం దాని బరువు దిగుంటుంది అనుకుని వచ్చాను."

ఆ రోజుల్లో ఎవరికీ తెలీదండీ, మా ఆసుపత్రికే తెలీదు, నేను కూడా ఆడపిల్లల్ని వెనక్కి పంపానని చెప్పాను.

"తెలీదని నాకూ తెలుసమ్మా," అంది. "ఆ మాటతో ఒక పూట గడుస్తుంది. అంతకంటే గడవదు."

బస్‌స్టాపుదాకా తోడు వెళ్ళాను. మెట్టు ఎక్కడానికి చెయ్యిచ్చాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదుటి సీటు వీపు వైపు చూస్తూ కూర్చుంది. బస్సు కదిలేదాకా నేనక్కడే ఉన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.